కుండల ఊరికి కాలువ దారి

గంటకు ఆరేడు కిలోమీటర్లు మించని పడవ. పక్కనే ఒకప్పుడు గుర్రాలు నడిచిన బాట. కొండ కడుపులోంచి చీకటి సొరంగం. అది దాటితే సీసాల్లా నిలబడ్డ ఇటుక బట్టీలు... ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో పడవెక్కితే మన చేతిలోని పింగాణీ కప్పు కథ మొత్తం కళ్లముందు కదులుతుంది. ఆ కథలో శామీర్‌పేట చెరువు గట్టున కూర్చున్నవాళ్లకూ ఒక మాట ఉంది.

ఆదివారం సాయంత్రం. శామీర్‌పేట చెరువు గట్టు. సికింద్రాబాద్ నుంచి పాతిక కిలోమీటర్ల లోపే కాబట్టి కాస్త తీరిక దొరికితే చాలు, కుటుంబాలతో సహా వచ్చేస్తారు జనం. పిల్లలు నీళ్లను చూసి కేరింతలు కొడుతుంటే పెద్దవాళ్లు ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటారు. అందరి కళ్లూ నీటి మీదే. నీటి అడుగున ఉన్న మట్టి సంగతి ఎవరికీ గుర్తురాదు.

కానీ తెలంగాణ పల్లెల్లో కుమ్మరి చూపు ఎప్పుడూ ఆ మట్టి మీదే. ఎండాకాలం చెరువు ఎండితే అడుగున మిగిలే బంకమట్టే అతని పెట్టుబడి. చెరువు నిండితే రైతుకు పంట, ఎండితే కుమ్మరికి మట్టి. నీటికీ కుండకీ ఉన్న ఈ చుట్టరికం మన దగ్గరే కాదు, దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతలా ఉంది. అక్కడైతే కుండలు దారిలో పగిలిపోతున్నాయని ఓ కుమ్మరి ఏకంగా కాలువే తవ్వించాడు!

కుమ్మరికి ఏడాది... గుదియకు ఒక పెట్టు

స్టోక్-ఆన్-ట్రెంట్ నిజానికి ఒక ఊరు కాదు, ఆరు ఊళ్లు. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్... ఈ ఆరూ 1910లో ఒక్కటయ్యాయి. ఇంగ్లండులో ఎవరినడిగినా ఆ ప్రాంతాన్ని 'పాటరీస్' అనే అంటారు. అంటే కుండల సీమ అన్నమాట. నేలలో బంకమట్టి, దాని కిందే బొగ్గు. కుమ్మరికి ఇంకేం కావాలి?

కావలసినవి రెండున్నాయి. తెల్లటి పాత్ర చేయాలంటే స్థానిక మట్టి పనికిరాదు. తెల్లమట్టి ఇంగ్లండు నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్, డెవన్‌ల నుంచి ఓడల్లో రావాలి. ఓడ రేవులో ఆగిపోతుంది. అక్కడి నుంచి గుంతలు పడ్డ మట్టిరోడ్ల మీద గుర్రాల వీపున మోయాలి. చేసిన పాత్రలు మళ్లీ అదే దారిలో గుర్రాల మీద రేవుకు వెళ్లాలి. గుర్రం ఒక్కసారి తడబడితే నెలల కష్టం నేలపాలే. 'కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు' అన్న మన సామెత వాళ్లకు తెలియదు కానీ దాని బాధ మాత్రం బాగా తెలుసు.

ఆ బాధకు మందు కనిపెట్టినవాడు జొసయా వెడ్జ్‌వుడ్. 1730లో బర్స్‌లెమ్‌లో కుమ్మరి ఇంట పుట్టాడు. చిన్నప్పుడు మశూచి సోకి కుడి మోకాలు దెబ్బతింది. సారె తిప్పే పని కష్టమైంది. దాంతో మట్టి మీద, రంగుల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. చివరికి 1768లో ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. అయినా ఆగలేదు. అతను చేసిన మీగడరంగు పాత్రలు రాణి షార్లెట్‌కు నచ్చాయి, వాటికి 'క్వీన్స్‌వేర్' అన్న పేరొచ్చింది. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ తల్లి ఈయన కూతురే. అన్నట్టు, వెడ్జ్‌వుడ్ పాత్రలు చూడటానికి ఇంగ్లండు దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

రోడ్డు మీద పగిలేది నీటి మీద పగలదు. ఈ చిన్న విషయాన్ని పట్టుకుని వెడ్జ్‌వుడ్ తోటి వ్యాపారులను కూడగట్టాడు. పార్లమెంటు అనుమతి వచ్చింది. 1766 జులై 26న బర్స్‌లెమ్ దగ్గర తొలి పార మట్టి తీసింది ఆయనే. కాలువ ఇంజినీరు జేమ్స్ బ్రిండ్లీ. పెద్దగా చదువు లేని మిల్లు మెకానిక్. కాలువ పూర్తికాకముందే, 1772లో కన్నుమూశాడు. 1777లో పని ముగిసేసరికి దాదాపు 150 కిలోమీటర్ల పొడవున ట్రెంట్ నదినీ మెర్సీ నదినీ కలుపుతూ కాలువ పారింది. దేశానికి అటు సముద్రం, ఇటు సముద్రం... మధ్యలో కుండల సీమ. కాలువ ఇంకా తవ్వుతుండగానే వెడ్జ్‌వుడ్ దాని ఒడ్డున 'ఎట్రూరియా' అనే కొత్త ఫ్యాక్టరీ కట్టేశాడు. అదీ ముందుచూపు!

తెలుగువాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. గోదావరి, కృష్ణా డెల్టా కాలువలు, వాటికి తోడు బకింగ్‌హామ్ కాలువ కలిసి కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ దారి ఉండేది. రైళ్లు, లారీలు వచ్చాక ఆ పడవలు కనుమరుగయ్యాయి. ఇంగ్లండులోనూ అదే జరిగింది. కాకపోతే అక్కడ సరకు పడవలు పోయిన చోటికి సెలవుల పడవలు వచ్చాయి.

నడిచేవాళ్లు దాటిపోయే పడవ!

కాలువ పడవను చూస్తే ముందు నవ్వొస్తుంది. పొడవు డెబ్భై అడుగుల దాకా ఉంటుంది. వెడల్పు మాత్రం ఏడడుగులే. బ్రిండ్లీ కట్టిన లాకుల వెడల్పుకు తగ్గట్టు పడవనూ సన్నగా చెక్కాల్సి వచ్చింది. వేగం గంటకు నాలుగు మైళ్లకు మించకూడదు. అంతకంటే జోరుగా వెళ్తే అలలకు గట్లు కోసుకుపోతాయి. ఒడ్డున కుక్కతో వాకింగ్‌కు వచ్చిన పెద్దాయన చెయ్యూపి మరీ పడవను దాటిపోతాడు.

సెలవులకు అద్దెకిచ్చే ఈ పడవలను నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. అద్దెకిచ్చేవాళ్లు కాసేపు నేర్పించి చుక్కాని చేతికిచ్చేస్తారు. అసలు తమాషా అక్కడే మొదలవుతుంది. చుక్కాని కర్రను కుడివైపు తోస్తే పడవ ఎడమవైపు తిరుగుతుంది! మొదటి గంటలో గట్టును ఢీకొట్టనివాళ్లు అరుదు. లాకులు వస్తే పని ఇంటిల్లిపాదిదీ. లాకు అంటే నీటి మెట్టు. పడవను తొట్టిలాంటి గదిలోకి తెచ్చి, తలుపులు మూసి, నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది. వదిలితే కిందికి దిగుతుంది. తలుపులు తోసేదీ, నీటి తూములు తిప్పేదీ మనుషులే. కాలువ మొత్తం మీద డెబ్భైకి పైగా లాకులున్నాయి. స్టోక్ ఊళ్లోనే వరసగా ఐదు వస్తాయి.

పడవ తలుపుల మీద గులాబీలు, కోటల బొమ్మలు కనిపిస్తాయి. వాటి వెనక ఒక కథ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లతో పోటీపడలేక సరకు పడవల యజమానులు ఇల్లు ఖాళీ చేసి భార్యాపిల్లలతో పడవలోనే కాపురం పెట్టారు. సరకుకు పోను మిగిలింది పదడుగుల గది. అందులోనే వంట, పడక, పురుడు. ఆ ఇరుకు గదిని అందంగా ఉంచుకోవాలన్న ఆశే ఈ పూలు.

కొండ కడుపులో రెండున్నర కిలోమీటర్లు

ఉత్తరం నుంచి వచ్చే పడవకు కుండల సీమ ముఖద్వారం హేర్‌కాజిల్ సొరంగం. దాని దగ్గర కాలువ నీళ్లు నారింజరంగులో ఉంటాయి. కొండలోని ఇనుప ఖనిజం మహిమ అది. కాపలాదారు పడవ లైటు, హారను చూసి గానీ లోపలికి పంపడు. రెండు పడవలు ఎదురైతే తప్పుకునే చోటు లేదు కాబట్టి ఒక్కోవైపు నుంచీ వంతులవారీగా వదులుతారు. లోపల దాదాపు నలభై నిమిషాలు... చీకటి, చలి, నెత్తిన నీటి చుక్కలు. ఇక్కడో దయ్యం తిరుగుతుందని స్థానికులు కథలు చెబుతారు. పిల్లలున్న పడవలో ఈ కథ చెప్పాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం!

ఇప్పుడు పడవలు వెళ్లేది థామస్ టెల్‌ఫోర్డ్ 1827లో పూర్తిచేసిన రెండో సొరంగంలోంచి. పక్కనే బ్రిండ్లీ మొదటి సొరంగం మూతపడి ఉంది. అందులో గుర్రం నడిచే బాట కూడా లేదు. గుర్రాన్ని కొండమీది నుంచి తోలుకెళ్లేవారు. మరి పడవ? పడవవాళ్లు వెల్లకిలా పడుకుని సొరంగం గోడలను కాళ్లతో తన్నుతూ, గోడ మీద నడిచినట్టు అంగుళం అంగుళం ముందుకు నెట్టేవారు. చీకట్లో, రెండున్నర కిలోమీటర్లు. రాజుల బల్లల మీద మెరిసిన పింగాణీ ఈ కాళ్ల మీదుగా వెళ్లింది.

కాగితం కరిగి పువ్వు మిగిలే చోటు

సొరంగం దాటి కాసేపు వెళ్తే కాలువ గట్టునే ఎర్ర ఇటుకల గోడ, దాని వెనక సీసా ఆకారంలో బట్టీ. అదే మిడిల్‌పోర్ట్ పాటరీ. బర్జెస్ అండ్ లీ అనే సంస్థ 1888-89లో కట్టింది. వాళ్ల పాత్రల పేరు 'బర్లీ'. రెండు యజమానుల పేర్లూ కలిపితే వచ్చిన మాట. అప్పట్లో దీన్ని ఆదర్శ ఫ్యాక్టరీ అన్నారు. కారణం, పని దారితప్పకుండా సాగే కట్టడం. కాలువలోంచి మట్టి ఒక చివర దిగుతుంది. పిసకడం, అచ్చుపోయడం, కాల్చడం, అద్దకం, మెరుగు... ఒక్కో గదీ దాటుకుంటూ చివరికి ప్యాకింగు గదికి చేరి మళ్లీ కాలువలోని పడవే ఎక్కుతుంది.

ఇక్కడి ప్రత్యేకత పూల అద్దకం. రాగి రోలరు మీద సన్నగా డిజైను చెక్కుతారు. దానికి రంగు పట్టించి పల్చటి టిష్యూ కాగితం మీద ముద్రిస్తారు. ఆ కాగితాన్ని ఒకసారి కాల్చిన పాత్రకు చుట్టి గట్టి కుంచెతో రుద్దుతారు. అతుకు ఎక్కడుందో కనిపించకుండా పువ్వుకు పువ్వు కలపడంలోనే ఉంది పనితనమంతా. తర్వాత నీళ్లతో కడిగితే కాగితం పోతుంది, పువ్వు మిగులుతుంది. ఆపైన మెరుగు పూసి మళ్లీ కాలుస్తారు. ఒక్కో పాత్ర ఎంతోమంది చేతులు మారుతుంది. ప్రపంచమంతా స్టిక్కర్లకు మారిపోయినా మిడిల్‌పోర్ట్ ఈ పద్ధతిని వదల్లేదు.

మెరుపు వెనక మసి

ఒకప్పుడు ఈ ఆరు ఊళ్లలో రెండు వేలకు పైగా సీసా బట్టీలుండేవి. ఇప్పుడు మిగిలినవి యాభై కూడా లేవు. మిడిల్‌పోర్ట్‌లోనే ఏడింటికి ఒక్కటి మిగిలింది. బయటికి కనిపించే సీసా నిజానికి పొగగొట్టం, అసలు బట్టీ దాని లోపల ఉంటుంది. పాత్రలను మట్టి పెట్టెల్లో సర్ది, ఆ పెట్టెలను నిచ్చెనలెక్కి ఒకదానిమీద ఒకటి పేర్చేవారు. ఆ బరువు మోసేది తల మీదే. టోపీ లోపల చుట్టిన మేజోడు పెట్టుకునేవారు. నీళ్ల బిందె కింద మనవాళ్లు పెట్టుకునే చుట్టకుదురు లాంటిదే!

బట్టీలన్నీ రాజుకుంటే పట్టపగలు కూడా ఊరు కనిపించేది కాదు. మెరుగులోని సీసం విషమై కొందరిని, మట్టి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఇంకొందరిని చంపింది. పదేళ్లు నిండని పిల్లలూ పనిచేశారు. ఆ సంగతులను అక్కడి మ్యూజియాలు దాచిపెట్టవు. 1956లో వచ్చిన స్వచ్ఛమైన గాలి చట్టంతో బొగ్గు బట్టీల కాలం ముగిసింది. ఎలా కాల్చేవారో ముందు తరాలకు తెలియాలని 1978లో లాంగ్టన్‌లోని గ్లాడ్‌స్టన్ మ్యూజియం వాళ్లు ముసలి కార్మికులను పిలిపించి చివరిసారి ఒక బట్టీ వెలిగించారు.

ఎట్రూరియా దగ్గర కాలువ ఒడ్డున 1857 నాటి మరో మిల్లు ఉంది. అక్కడ పిండి కొట్టింది పశువుల ఎముకలను. 'బోన్ చైనా' అన్న పేరు ఊరికే రాలేదు. ఆ పాత్రల మట్టిలో దాదాపు సగం ఎముకల బూడిదే. ఆ సంగతి తెలిశాక కప్పు కింద ముద్ర చూసుకోనివాళ్లు ఉంటారా!

గోడలు కాదు... పని నిలబడాలి

ఇరవయ్యో శతాబ్దం చివరికి కుండల సీమకు కష్టకాలం వచ్చింది. చౌక దిగుమతులు, మారిన అలవాట్లు... పేరున్న సంస్థలే కూలిపోయాయి. 2005లో రాయల్ డాల్టన్ బర్స్‌లెమ్ ఫ్యాక్టరీ మూతపడింది. 2008లో స్పోడ్, 2009 జనవరిలో సాక్షాత్తూ వెడ్జ్‌వుడ్ దివాలా తీశాయి.

బర్లీ కూడా 1999లో దివాలా అంచుకు వెళ్లి కొత్త యజమానుల చేతిలో పడింది. కానీ భవనం కురుస్తోంది, బాగుచేయడానికి డబ్బు లేదు. ఫ్యాక్టరీని ఎక్కడికైనా తరలించడమో, మూసేయడమో తప్పదనుకున్నారు. 2011లో ప్రిన్స్ చార్లెస్ స్థాపించిన పునరుద్ధరణ ట్రస్టు ఆ స్థలాన్ని కొన్నది. 90 లక్షల పౌండ్లతో మరమ్మతులు చేయించి 2014 జులైలో తలుపులు తెరిచింది. చిత్రమేంటంటే, ఆ మూడేళ్లూ కార్మికులు పనిచేస్తూనే ఉన్నారు. భవనాన్ని ఖాళీచేసి మ్యూజియంగా మార్చడం సులువు. అలా చేస్తే గోడలు మిగిలేవి, చేతిపని పోయేది. 'బట్టీ పక్కన పని కూడా ఉండాలి' అన్న పట్టుదలే మిడిల్‌పోర్ట్‌ను మిగిలినవాటికంటే భిన్నంగా నిలబెట్టింది. 2015లో బీబీసీ కుండల పోటీ కార్యక్రమాన్ని అక్కడే చిత్రించేసరికి కొత్తతరానికీ దాని మీద ఆసక్తి పుట్టింది.

అలాగని కష్టాలన్నీ తీరిపోలేదు. 2025 ఏప్రిల్‌లో మూర్‌క్రాఫ్ట్ అనే పాత సంస్థ ఖర్చులు భరించలేక మూతపడితే, కొద్ది నెలలకే వ్యవస్థాపకుడి మనవడు దాన్ని కొని తిరిగి తెరిచాడు. చేతిపనిని ఒకసారి కాపాడితే సరిపోదు. తరం తరం కాపాడుతూనే ఉండాలి.

మన గట్టున...

ఇప్పుడు మళ్లీ శామీర్‌పేటకు వద్దాం. స్టోక్ కుమ్మరికి మట్టి వందల కిలోమీటర్ల దూరం నుంచి రావాల్సి వచ్చింది. మన కుమ్మరికి అది ఊరి పక్కనే ఉంది. చెరువులోంచి తెచ్చి, ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, కాళ్లతో తొక్కి... అప్పుడు సారె మీద పెడతాడు. పచ్చికుండ లోపల గుండు ఆనించి పైనుంచి సలపతో కొడుతూ గోడ పల్చన చేస్తాడు. నీడలో ఆరబెట్టి వాములో కాలుస్తాడు. వానాకాలం వస్తే పని ఉండదు. ఎండాకాలం అమ్ముడుపోయే రంజన్లు, కూజాలే ఏడాది తిండి.

పుట్టుక నుంచి చావు దాకా కుండ లేని ఘట్టం లేదు మనకు. పెళ్లికి కుమ్మరి ఇంటి నుంచి అయిరేని కుండలు రావాలి. ఆషాఢంలో అమ్మవారికి బోనం ఎత్తాలి. సంక్రాంతికి గురుగులు, దీపావళికి ప్రమిదలు. చివరి ప్రయాణంలోనూ ముందు నడిచేది కుండే. ఇంత పెద్ద మార్కెట్టు వెడ్జ్‌వుడ్‌కు కూడా ఉండి ఉండదు! కానీ బోనానికి ఇత్తడి, స్టీలు బిందెలు వచ్చాయి. మంచినీళ్లకు ఫ్రిజ్ వచ్చింది.

మరోవైపు ఊరే మారిపోతోంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటల పక్కనుంచే వెళ్తుంది. చుట్టూ జినోమ్ వ్యాలీ, పెద్ద చదువుల క్యాంపస్‌లు, రిసార్టులు. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. భూమికి గజాల లెక్కన ధర పలికే చోట కుమ్మరికి మట్టి తవ్వుకునే జాగా, వాము పెట్టుకునే జాగా దొరకడమే కష్టం. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి పొలాలకు చేరింది. చెరువు బతికితే రైతు ఒక్కడే కాదు, కుమ్మరి కూడా బతుకుతాడన్న మాట అలాంటి ప్రతి పథకంలోనూ గుర్తుండాలి.

మిడిల్‌పోర్ట్ నేర్పేది ఇదే. దానికి కోట్ల డబ్బు దొరికింది, నిజమే. కానీ ఆ డబ్బు కట్టింది కప్పు మాత్రమే. దాని కింద పనిచేసేవాళ్లను నిలబెట్టింది మాత్రం అక్కడికొచ్చి, చూసి, ఒక కప్పో పళ్లెమో కొనుక్కెళ్లిన జనం. మనకు పడవ అక్కర్లేదు, సొరంగం అక్కర్లేదు. వచ్చే ఆదివారం చెరువు చూసి తిరిగొచ్చేటప్పుడు కుండలు కనిపించిన చోట కారు ఆపితే చాలు. కుండ చేతిలోకి తీసుకుని వేలితో తట్టి చూడాలి. బాగా కాలినదైతే ఖంగుమంటుంది. స్టోక్‌లోనూ మంచి కప్పును అలాగే తట్టి చూస్తారు.

వెళ్లాలనుకుంటే...

పిల్లల దగ్గరికో, పనిమీదో బ్రిటన్ వెళ్లేవాళ్లు స్టోక్‌ను ఒక్కరోజులో చూసి రావచ్చు. లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంటన్నర, మాంచెస్టర్ నుంచి గంటలోపే. పడవలకు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. పూర్తి సెలవుకు కాకుండా ఒక్క పూటకు అద్దెకిచ్చే పడవలూ ఉంటాయి. పాటరీలు, మ్యూజియాలు తెరిచి ఉండే రోజులు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందే కనుక్కోవాలి. వేసవిలో కూడా సొరంగంలో చలేస్తుంది. స్వెట్టరు మరిచిపోవద్దు!